మెదడు లోతుల్లో వచ్చిన చిన్న స్ట్రోకు ఏడాది తిరిగేసరికి రిపోర్టులో వేరేగా కనిపిస్తే ఏమనుకోవాలి?

రాజోలు కొబ్బరితోట:
సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై ఎనిమిదేళ్ళు. క్రిందటి ఏడాది వానాకాలంలో ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ ఉండగా కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట ముద్దగా వచ్చింది గాని తెలివి తప్పలేదు, మమ్మల్నందరినీ పేరుపేరునా పిలిచారు. రేవు దాటించి నరసాపురం మీదుగా ఆస్పత్రికి తీసుకువెళ్ళాము. అప్పుడు తీసిన ఎమ్మారైలో ఎడమవైపు ఇంటర్నల్ క్యాప్సూల్ దగ్గర 14 మిల్లీమీటర్ల అక్యూట్ లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్ (సన్ననాళం మూసుకుని కొత్తగా దెబ్బతిన్న చిన్న చోటు) ఉన్నదని వ్రాశారు. క్రమంగా కోలుకుని ఇప్పుడు తోటలో తిరుగుతున్నారు.

ఈ మధ్య తలతిరుగుడు వస్తున్నదంటే మరొక చోట మళ్ళీ ఎమ్మారై తీయించాము. ఈ రిపోర్టులో అదే చోట 6 మిల్లీమీటర్ల క్రానిక్ లాక్యూన్, దాని చుట్టూ గ్లయోసిస్, రెండువైపులా తెల్ల పదార్థంలో మార్పులు అని ఉన్నది. అక్కడివారు "మెదడులో చిన్న రంధ్రం పడింది" అని చెప్పి ఊరుకున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. ఇది పాత స్ట్రోకేనా, కొత్తగా వచ్చినదా? రంధ్రం రోజురోజుకూ పెద్దదవుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

కాకినాడ రేడియాలజీ:
నేను రేడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఫిల్ములు చూడకుండా ఒక మనిషి గురించి నిర్ణయం చెప్పడం సరికాదు గనుక, ఈ రకం స్ట్రోకు కాలక్రమంలో ఎలా మారుతుందో మాత్రం చెబుతాను.

మెదడు అడుగు భాగంలోని పెద్ద ధమనుల నుంచి మిల్లీమీటరు కన్నా సన్నని నాళాలు నిటారుగా లోపలికి చొచ్చుకుపోయి బేసల్ గాంగ్లియా, థాలమస్, ఇంటర్నల్ క్యాప్సూల్, పాన్స్ వంటి లోతు భాగాలకు రక్తాన్ని అందిస్తాయి. మన డెల్టాలో శివారు పొలానికి నీరిచ్చే ఒంటరి పంటబోదె ఎలాంటిదో ఇవి అలాంటివి. ఒకటి పూడితే పక్కదాని నుంచి మళ్ళించుకునే దారి దాదాపు ఉండదు. ఆ ఒక్క నాళం కింద ఉన్న కొద్దిపాటి కణజాలం మాత్రమే దెబ్బ తింటుంది. రక్తప్రసారం ఆగి వచ్చే స్ట్రోకుల్లో సుమారు నాలుగోవంతు ఈ కోవకు చెందినవే.

మొదటి రోజుల్లో డిఫ్యూజన్ అనే రకం ఎమ్మారై చిత్రంలో ఈ మచ్చ తెల్లగా మెరుస్తుంది. అప్పుడు కొలిచే పరిమాణంలో చచ్చిన కణజాలంతో పాటు దాని వాపు కూడా కలిసి ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ ఆ మెరుపు పోతుంది, వాపు తీస్తుంది, రోగనిరోధక కణాలు చచ్చిన భాగాన్ని తొలగిస్తాయి. తరువాత మూడు రకాలుగా జరగవచ్చు. కొందరిలో ఆ చోట నీటితో నిండిన గుల్ల మిగులుతుంది, దానినే లాక్యూన్ అంటున్నాము. కొందరిలో గుల్ల పడకుండా ఫ్లెయిర్ అనే మరొక రకం ఎమ్మారై చిత్రంలో తెల్ల మచ్చగానే నిలిచిపోతుంది. మరికొందరిలో ఏడాది తరువాత వెతికినా ఆనవాలు దొరకదు. 14 మిల్లీమీటర్లుగా కనిపించినది 6 మిల్లీమీటర్ల గుల్లగా మిగలడం ఈ క్రమంలో మామూలుగా జరిగేదే. మీ రిపోర్టులోని "అదే చోట" అన్న మాటను పాత ఫిల్ముతో పోల్చి వ్రాశారా, పాత కాగితం చదివి వ్రాశారా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం.

భీమవరం చెరువుగట్టు:
డాక్టరు గారూ, మా అమ్మగారికి మూతి వంకరపోయి ఎడమ చెయ్యి బరువెక్కినప్పుడు సీటీ తీసి ఏమీ లేదన్నారు. రెండు రోజుల తరువాత ఎమ్మారైలో చిన్న స్ట్రోకు కనిపించింది. ఆరు నెలల తరువాత తీసిన దానిలో మళ్ళీ ఏమీ కనిపించలేదు. మా బంధువులు "అసలు స్ట్రోకే కాదు, అనవసరంగా మందులు మింగిస్తున్నారు" అంటున్నారు. కనిపించకపోవడం అంటే నయమైపోయినట్లేనా?

కాకినాడ రేడియాలజీ:
సీటీ ముఖ్యంగా రక్తస్రావాన్ని వెంటనే పట్టుకోవడానికి పనికివస్తుంది. ఇంత చిన్న ఇన్‌ఫార్క్టు తొలి గంటల్లో సీటీలో కనిపించకపోవడమే ఎక్కువ. డిఫ్యూజన్‌లో కనిపించి, లక్షణాలు కూడా ఆ చోటికి సరిపోయినట్లయితే అది స్ట్రోకే.

తరువాత కనిపించకుండా పోవడానికి కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. కణజాలం కొంత నిజంగానే తేరుకుని ఉండవచ్చు. లేదా మచ్చ కుంచించుకుపోయి, రెండు స్లైసుల మధ్య ఖాళీలో పడి ఉండవచ్చు. మామూలు ఎమ్మారైలో స్లైసు మందం తరచుగా ఐదు మిల్లీమీటర్లు ఉంటుందని గుర్తుంచుకోవాలి. చుట్టూ తెల్ల పదార్థంలో (తంతువులుండే భాగంలో) ముందునుంచే ఉన్న తెల్లటి మార్పుల్లో అది కలిసిపోయి విడిగా తెలియకపోవడమూ ఉన్నది. ఈ స్ట్రోకులు ఎన్ని గుల్లబారుతాయన్న ప్రశ్నకు వేర్వేరు అధ్యయనాల్లో 28 శాతం నుంచి 94 శాతం వరకు జవాబులు వచ్చాయి. ఎన్నాళ్ళకు మళ్ళీ స్కాన్ చేశారు, స్లైసులు ఎంత పలుచగా తీశారు, గుల్ల అని దేన్ని లెక్కించారు అన్నవే ఇంత తేడాకు చాలావరకు కారణం. కాబట్టి మీ అమ్మగారి మందుల విషయం స్కాన్‌లో మచ్చ ఉన్నదా లేదా అన్నదానిపై ఆధారపడదు. ఆ నాళం ఎందుకు మూసుకుపోయిందో ఆ కారణం ఆమె ఒంట్లో ఇంకా ఉన్నది.

నరసాపురం మాస్టారు:
నేను జీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఈ గుల్లల సంగతి చాలా పాతది. ఫ్రాన్సులో డెషాంబ్ర్ 1838లోనే శవపరీక్షల ఆధారంగా వీటిని వర్ణించాడు. 1901లో పియర్ మారీ, అనేక గుల్లలు పడిన వృద్ధుల నడక, మాట, తెలివి ఎలా మారుతాయో వ్రాశాడు. 1960లలో మిల్లర్ ఫిషర్ మెదడు ముక్కలను ఓపికగా పరిశీలించి, గుల్లకు దారితీసిన సన్ననాళం గోడ ఎలా చెడిందో చూపించాడు. వారందరికీ చివరి దశ మాత్రమే కళ్ళకు కనిపించింది. బ్రతికి ఉన్న మనిషిలో అదే మచ్చ మొదటి రోజు నుంచి ఏడాది వరకు ఎలా మారుతుందో చూడగలగడం ఎమ్మారై వచ్చాకే సాధ్యమయింది.

అయితే రేడియాలజీ వారి మాటకు నేను ఒక విషయం చేర్చదలచుకున్నాను. గుల్ల పడడం మామూలే అనడం వల్ల కుటుంబాలు దానిని పట్టించుకోనక్కరలేదని అనుకునే ప్రమాదం ఉన్నది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 60 నుంచి 90 ఏళ్ళ మధ్య వయసున్న 1015 మందిని అనుసరించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, లక్షణాలేవీ లేకుండానే మెదడులో ఇన్‌ఫార్క్టులు ఉన్నవారికి మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం లేనివారికన్నా రెట్టింపు పైగా ఉన్నదని తేలింది.

కాకినాడ రేడియాలజీ:
మాస్టారు చెప్పినది ముఖ్యమైన విషయం, నేను దానితో ఏకీభవిస్తున్నాను. పాత గుల్ల దానంతటది పుండులా ప్రాకదు. అందుకే రాజోలు వారి అమ్మగారు భయపడనక్కరలేదంటున్నాను. కానీ ఒక గుల్ల ఉన్నదంటే తక్కిన సన్ననాళాలు కూడా అదే రక్తపోటుకు, అదే షుగరుకు, అదే పొగకు లోనై ఉన్నాయని అర్థం. కొత్త గుల్లలు తరచుగా ఇప్పటికే ఉన్న తెల్ల మార్పుల అంచున పుడుతున్నట్లు కూడా గమనించారు.

రిపోర్టులు చదివే కుటుంబాలకు ఇంకొక మాట. మూడు మిల్లీమీటర్ల లోపు, సన్నగా, నాళం వెంట సాగినట్లుండే ఖాళీలు చాలావరకు నాళం చుట్టూ సహజంగా ఉండే సందులు, స్ట్రోకు మిగిల్చిన గుల్లలు కావు. లాక్యూన్ సాధారణంగా 3 నుంచి 15 మిల్లీమీటర్ల వరకు గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటుంది. ఫ్లెయిర్ చిత్రంలో నడిమి భాగం నీటిలాగే నల్లగాను, చుట్టూ మచ్చకట్టిన కణజాలం సన్నని తెల్లటి వలయంగాను కనిపిస్తుంది. ఆ తెల్ల వలయమే రాజోలు వారి రిపోర్టులోని గ్లయోసిస్. అయితే అన్ని లాక్యూన్లకూ ఆ వలయం ఉండదు. థాలమస్, పాన్స్ ప్రాంతాల్లోనైతే నిజంగా గుల్ల అయినా ఫ్లెయిర్‌లో నల్లబడకుండా తెల్లగానే కనిపించవచ్చు.

పాలకొల్లు ఫిజియో:
పదిహేనేళ్ళకు పైగా పక్షవాతం వచ్చినవారికి వ్యాయామం చేయిస్తున్నాను. చిత్రంలోని మచ్చకు, మనిషి చేయగలిగే పనికి మధ్య నేరుగా లెక్క కుదరదని ప్రతి కుటుంబానికీ చెబుతాను. చేతికీ కాలికీ వెళ్ళే తంతువులన్నీ ఇంటర్నల్ క్యాప్సూల్ వెనుక భాగంలో చిక్కగా ఒక్కచోట చేరి దిగుతాయి. అక్కడ చిటికెన వ్రేలి గోరంత దెబ్బ తగిలినా ఒకవైపంతా పడిపోవచ్చు. అదే పరిమాణం మరొకచోట పడితే మనిషికి తెలియకుండానే గడిచిపోతుంది.

ఇంకొక మార్పు కూడా కాలక్రమంలో జరుగుతుంది, దీనిని కుటుంబాలకు ఎవరూ చెప్పరు. తెగిన తంతువుల దిగువ భాగం నెలల తరబడి క్షీణిస్తూ పోతుంది. కొందరిలో అది పాన్స్ వరకు సన్నని గీతలా స్కాన్‌లో కనిపిస్తుంది. రిపోర్టులో వాలేరియన్ డీజనరేషన్ అని వ్రాస్తే కొత్త స్ట్రోకు అనుకుని కంగారు పడినవారిని చూశాను. మరోవైపు, మిగిలిన తంతువులు అభ్యాసం వల్ల కొంత పనిని అందిపుచ్చుకుంటాయి. కదలికల్లో ఎక్కువ మెరుగు మొదటి మూడు నెలల్లో కనిపిస్తుంది, తరువాత కూడా నెమ్మదిగా సాగుతుంది. నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకోవడాన్నే వ్యాయామంగా చేశారు: ముందు బొటనవ్రేలితో గుండీని కాజా దాకా నెట్టడం, తరువాత చూపుడు వ్రేలితో అవతలి నుంచి లాగడం, అది కుదిరాక పై గుండీ. పై గుండీ దగ్గర తన చెయ్యి తనకు కనిపించదు గనుక అది అన్నిటికన్నా ఆలస్యమయింది. గుల్ల అలాగే ఉన్నది, చెయ్యి మాత్రం పనిలోకి వచ్చింది.

అమలాపురం కోడలు:
మా అత్తగారికి ఎప్పుడూ కాలూ చెయ్యీ పడిపోలేదు. అయినా ఎమ్మారైలో బేసల్ గాంగ్లియాలో రెండువైపులా అనేక లాక్యూన్లు అని వచ్చింది. ఇంటిల్లిపాదికీ ప్రతి వేసవిలో ఆవకాయ కలిపేది ఆవిడే. ఆవపిండి, కారం, ఉప్పు ఏ పాళ్ళలో వేయాలో అడిగితే ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారు. కానీ పళ్ళెం ముందు కూర్చుంటే ఏది ముందు వేయాలో తెలియక గరిట పట్టుకుని ఆగిపోతున్నారు. ఎవరైనా "ఇప్పుడు నూనె" అని అందిస్తే మళ్ళీ సాగుతున్నారు. అడుగులు చిన్నవయ్యాయి, నలుగురిలోకి రావడం తగ్గించారు. ఆమెను చూపించిన చోట వయసుతో వచ్చేదేనని పంపించేశారు. దీనికీ ఆ గుల్లలకూ సంబంధం ఉన్నదా?

మండపేట వైద్యుడు:
అమ్మా, మీరు గమనించినది చాలా విలువైన వివరం. జ్ఞాపకం నిలిచి ఉండి, పనిని వరుసగా నడిపించే శక్తి, ఆలోచన వేగం తగ్గడం సన్ననాళాల జబ్బులో తరచుగా కనిపించే తీరు. మెదడు ముందు భాగానికీ లోతుల్లోని కేంద్రాలకూ మధ్య ఉన్న దారులు అక్కడక్కడ తెగడం వల్ల ఇలా జరుగుతుంది. అడుగులు కురచ కావడం, మూత్రం ఆపుకోలేకపోవడం, ఉత్సాహం తగ్గడం కూడా దానితో కలిసి రావచ్చు. అయినా అంతా గుల్లల మీదికే నెట్టకూడదు. డిప్రెషన్, థైరాయిడ్ లోపం, బి12 లోపం, రాత్రి వేసుకునే నిద్రమాత్రలు ఇవన్నీ ఇదే రూపంలో కనిపిస్తాయి, వీటిలో చాలావాటిని సరిచేయవచ్చు. న్యూరాలజిస్టుకు చూపించి, మీరు ఇక్కడ వ్రాసిన ఆవకాయ సంగతిని ఉన్నదున్నట్లు చెప్పండి. స్కాన్ చెప్పలేనిది అది చెబుతుంది.

ముమ్మిడివరం మందులషాపు:
మా షాపులో రెండు ధోరణులు చూస్తున్నాను. బీపీ మామూలుగా ఉన్నదని మాత్ర మానేసేవారు కొందరు. రక్తం పలుచబరిచే మాత్రలు రెండు రకాలు వేసుకుంటే ఇంకా మంచిదని, చీటీలో ఎప్పుడో ఇచ్చిన రెండింటినీ ఏళ్ళ తరబడి కొనుక్కుపోయేవారు కొందరు. ఈ రెండవ దాని గురించి డాక్టరు గారు చెప్పగలరు.

మండపేట వైద్యుడు:
ఈ ప్రశ్నకు గట్టి జవాబు ఉన్నది. ఎస్‌పీఎస్‌3 అనే పరిశోధనలో, ఎమ్మారైలో రూఢి అయిన లాక్యునార్ స్ట్రోకు వచ్చిన 3020 మందికి ఆస్పిరిన్ ఒక్కటి గాని, ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ అనే రెండవ మాత్ర గాని దీర్ఘకాలం ఇచ్చి చూశారు. 2012లో ఫలితాలు వచ్చాయి. మళ్ళీ స్ట్రోకు రావడం ఏడాదికి 2.7 శాతం, 2.5 శాతంగా దాదాపు సమానంగా ఉన్నది. పెద్ద రక్తస్రావాలు మాత్రం 1.1 శాతం నుంచి 2.1 శాతానికి పెరిగాయి, మరణాలు కూడా ఎక్కువయ్యాయి. చిన్న స్ట్రోకు వచ్చిన తొలి మూడు వారాలు రెండు మందులు ఇవ్వడం వేరు, అది ఉపయోగపడుతుందని వేరే పరిశోధనల్లో తేలింది. గడువు దాటాక ఏళ్ళ తరబడి రెండూ సాగించడం ఈ జబ్బుకు మేలు చేయదు. అయితే గుండెలో స్టెంటు వేయించుకున్నవారికి లెక్క వేరుగా ఉంటుంది గనుక ఎవరూ సొంతంగా మానివేయవద్దు, చీటీ వ్రాసినవారిని అడగండి.

అదే పరిశోధనలో రక్తపోటు భాగం 2013లో వచ్చింది. పై అంకెను 130 లోపు ఉంచడానికి ప్రయత్నించిన వర్గంలో మెదడులో రక్తస్రావం 63 శాతం తక్కువగా ఉన్నది. మొత్తం స్ట్రోకులు కూడా తగ్గాయి గాని ఆ తేడా నిస్సందేహంగా నిలబడేంత పెద్దది కాదు. తెల్ల మార్పుల విషయంలో 2019లో వచ్చిన స్ప్రింట్ అనే రక్తపోటు పరిశోధన ఫలితాలు చూడదగినవి: సుమారు నాలుగేళ్ళలో ఆ మార్పులు, 120 లోపు లక్ష్యం పెట్టుకున్నవారిలో 0.92 ఘన సెంటీమీటర్లు, 140 లోపు లక్ష్యం పెట్టుకున్నవారిలో 1.45 ఘన సెంటీమీటర్లు పెరిగాయి. అయితే అందులో షుగరు ఉన్నవారిని, స్ట్రోకు వచ్చినవారిని చేర్చుకోలేదు. అందువలన మన రోగులకు ఆ 120ని నేరుగా అంటగట్టను. చాలామందికి 130/80 లోపు ఉంచడం సరిపోతుంది, పెద్దవారిలో లేచి నిలబడగానే పడిపోకుండా చూసుకుంటూ నెమ్మదిగా తగ్గించాలి.

ఉప్పు గురించి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు అని చెబుతున్నది. అన్నంలో ఆవకాయ, మధ్యాహ్నం ఎండుచేపల పులుసు, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ ఉన్న రోజున ఆ హద్దు కూరలో ఉప్పు లెక్కించకముందే దాటిపోతుంది. చుట్ట కాల్చేవారు దానిని మానడం కన్నా సన్ననాళాలకు ఎక్కువ మేలు చేసేవి తక్కువే.

ముమ్మిడివరం మందులషాపు:
వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. ఐసోసార్బైడ్, సిలోస్టజాల్ అనే మందులు ఈ సన్ననాళాల జబ్బుకు పనిచేస్తాయని ఫోనుల్లో చదివి అడుగుతున్నారు. వారికి ఏమి చెప్పాలి?

మండపేట వైద్యుడు:
బ్రిటన్‌లో లాక్యునార్ స్ట్రోకు వచ్చిన 363 మందితో జరిగిన లాసీ-2 అనే పరిశోధన 2023లో ప్రచురితమయింది. ఆ మందులను ఏడాది పాటు వేసుకోవడం సాధ్యమేనని, పెద్ద ప్రమాదం లేదని తేలింది, ఆశ కలిగించే సూచనలూ ఉన్నాయి. మామూలు వైద్యంగా మారడానికి ఇంకా పెద్ద పరిశోధన కావాలి. గుండె బలహీనంగా ఉన్నవారికి సిలోస్టజాల్ ఇవ్వకూడదు గనుక చీటీ లేకుండా అమ్మకండి.

భీమవరం చెరువుగట్టు:
మా అమ్మగారికి మొదటి రోజున నీరసం వచ్చి తగ్గి, మళ్ళీ వచ్చి తగ్గి, మూడవసారికి నిలిచిపోయింది. తగ్గింది కదా అని మొదటి రెండుసార్లు ఇంట్లోనే ఉంచాము. ఈ జబ్బులో అలా జరుగుతుందా?

మండపేట వైద్యుడు:
జరుగుతుంది. సన్ననాళం పూర్తిగా మూసుకునే ముందు రక్తం పారుతూ ఆగుతూ ఉండడం వల్ల ఒకే వైపు బలహీనత గంటల వ్యవధిలో వచ్చిపోవచ్చు. ఆస్పత్రిలో చేరిన తరువాత కూడా మొదటి రెండు మూడు రోజుల్లో పెరిగేవారు తక్కువేమీ కాదు. బలహీనత తగ్గినా తగ్గకపోయినా వెంటనే 108కి ఫోను చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షనుకు మొదటి నాలుగున్నర గంటలే గడువు. లంకల్లో ఉన్నవారు పంటు కోసం, బంధువుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ గడువు రేవు దగ్గరే అయిపోతుంది.

రాజోలు కొబ్బరితోట:
మీరందరూ చెప్పిన తరువాత రెండు ఎమ్మారైల ఫిల్ములతో పాటు సీడీలు కూడా తీసుకువెళ్ళి ఒక రేడియాలజిస్టుకు చూపించాము. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి స్లైసు స్లైసూ చూశారు. ఎడమవైపు గుల్ల పాత 14 మిల్లీమీటర్ల మచ్చ హద్దులోనే ఉన్నదని, కొత్తది కాదని రూఢి చేశారు. అయితే కుడివైపు థాలమస్‌లో 4 మిల్లీమీటర్ల గుల్ల ఉన్నదని, అది మొదటి స్కాన్‌లో లేదని చెప్పారు. రెండవ రిపోర్టులో దాని ప్రస్తావనే లేదు. నాన్నగారికి ఈ ఏడాదిలో ఎప్పుడూ ఏమీ తెలియలేదు. డిఫ్యూజన్‌లో కొత్తగా మెరిసేది ఏదీ లేదన్నారు. తలతిరుగుడు మంచం మీద పక్కకు తిరిగినప్పుడు మాత్రమే వస్తున్నది గనుక చెవికి సంబంధించినది కావచ్చని ఈఎన్‌టీ దగ్గరకు పంపారు. ఇప్పుడు ఈ రెండవ గుల్ల గురించి ఏమి చేయాలి?

కాకినాడ రేడియాలజీ:
అమ్మగారిని భయపెట్టిన రంధ్రం కన్నా ఈ రెండవదే పట్టించుకోవలసినది. రెండు స్కాన్ల నడుమ ఎప్పుడో తెలియకుండా వచ్చి, గుల్లగా మారేంత కాలం గడిచిపోయింది. సీడీలు తీసుకువెళ్ళడం మంచి పని. ఫిల్ము మీద ఇంత చిన్నది తప్పిపోవడం సులభం. రెండింటినీ పోల్చి కొత్త రిపోర్టు వ్రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, మీ వైద్యుడు ఆ కాగితం మీదనే నిర్ణయాలు తీసుకుంటారు.

మండపేట వైద్యుడు:
రెండవది మరొకవైపు, మరొక నాళం పరిధిలో వచ్చింది గనుక, సన్ననాళాల జబ్బే అని ముందుగా తీర్మానించకుండా గుండె లయను కూడా చూడాలి. ఈసీజీ, అవసరమైతే ఒకటి రెండు రోజుల హోల్టర్ (ఒంటికి కట్టుకునే ఈసీజీ యంత్రం), మెడ ధమనుల స్కాను, షుగరు మూడు నెలల సగటు, కొలెస్టరాలు చూపించండి. లయ తప్పుతున్నదని తేలితే మందే మారిపోతుంది. బీపీ ఆస్పత్రిలో ఒక్కసారి చూసిన అంకెతో సరిపెట్టకుండా ఇంట్లో భుజానికి చుట్టే యంత్రంతో ఒక వారం పాటు ఉదయం మాత్ర వేసుకోకముందు, రాత్రి పడుకోబోయే ముందు కొలిచి కాగితం మీద వ్రాసి తీసుకురండి.

రాజోలు కొబ్బరితోట:
ఉదయం మాత్రకు ముందు 150 పైన, మధ్యాహ్నం 128 దగ్గర ఉంటున్నది. మధ్యాహ్నం అంకె చూసే అంతా బాగున్నదని అనుకుంటూ వచ్చాము. మళ్ళీ ఎమ్మారై ఎప్పుడు తీయించమంటారు?

మండపేట వైద్యుడు:
ఆ ఉదయపు అంకెలను వెంటనే మీ వైద్యునికి చూపించండి. మాత్ర మోతాదో, వేసుకునే వేళో, మందో మార్చవలసి ఉంటుంది. ఎమ్మారైకి ప్రత్యేకంగా తేదీ పెట్టుకోనక్కరలేదు. చెయ్యి, కాలు, మాట, చూపు, నడకలో కొత్త మార్పు వస్తే అదే రోజు తీయించాలి. లేకపోతే దానికయ్యే డబ్బుతో బీపీ యంత్రం కొని, హోల్టర్ పరీక్ష చేయించడం మేలు.